గడ్డి మీసాల గూడ్సు పెట్టెలు

ఉదయం ఏడూ పదికి ఏలూరులో పాసింజరు ఎక్కాను. చేతిలో గొడుగు, సంచిలో డైరీ, స్టీలు టిఫిన్ డబ్బా. డబ్బాలో ఉన్నది తిండి కాదు. అట్టతోనూ ఐస్‌ఫ్రూట్ పుల్లలతోనూ నేను చేసిన జానెడు గూడ్సు పెట్టె, చేతిరుమాలులో చుట్టినది.

నేను ఒక స్కూల్లో లైబ్రరీ చూసుకుంటాను. సోమవారం అక్కడ ఎగ్జిబిషను. పూర్వం మన వైపు నడిచిన గూడ్సు బండిని బొమ్మగా చేస్తానని ఒప్పుకున్నాను. ఇంజను, గార్డు పెట్టె, మధ్యలో నాలుగు మూత పెట్టెలు. మా తాతయ్య పేతురు ఈ చుట్టుపక్కల స్టేషన్లలో సరుకు ఎక్కించే కూలీలకు మేస్త్రీ. "తలుపు సందుల్లోంచి గడ్డి మీసాల్లా వేలాడేదే అమ్మడూ" అని నా చిన్నప్పుడు చెప్పేవాడు. అందుకని నాలుగింటి తలుపులకూ గడ్డిపోచలు అంటించి, పైన సుద్దతో 'బియ్యం' అని రాశాను.

మొన్న ఏర్పాట్లు చూడటానికి, బొమ్మ రైళ్ళ సరదా ఉన్న ఒక పెద్దమనిషి వచ్చారు. "బియ్యం పెట్టెకి గడ్డేమిటండీ? పీకెయ్యండి" అన్నారు. పీకితే అట్ట కూడా ఊడి వస్తుంది. అది మళ్ళీ చేసుకోవచ్చు. తాతయ్య మాట తప్పని నా చేత్తో నేనే ఒప్పుకోవడం మాత్రం నా వల్ల కాలేదు. అలాగని ఎదురు చెప్పనూ లేదు, తలూపాను. ఈ రోజు రెండో శనివారం, సెలవు. కనుక్కుందామని బయలుదేరాను.

భీమడోలు దాటాక ఎదురుగా కూర్చున్నావిడ డబ్బా వైపు చూసి, "ఏవండీ, కూరేం తెచ్చుకున్నారు?" అంది. మూత తీసి చూపించాను. "ఓరి దేవుడా, రైల్లో రైలా!" అని పెట్టెంతా వినపడేలా నవ్వింది. నేను కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను.

ఎనిమిదింటికి తాడేపల్లిగూడెం. స్టేషను బయట ఇడ్లీ తిన్నాను, బాగుంది. గూడ్సుకి సరుకు ఎక్కించిన పాత కూలీలెవరైనా ఉన్నారా అని అడిగితే, టీ బడ్డీ దగ్గర కూర్చున్న సత్యానందం గారిని చూపించారు. ప్రశ్న ముందే డైరీలో రాసి ఉంచుకున్నాను. పేజీ తీసి ఆయన చేతికిచ్చాను.

"కళ్ళజోడు ఇంట్లో ఉందమ్మా. నోటితో అడుగు, కరవను" అన్నారు.

అడిగాను. తాతయ్య చెప్పిందీ చెప్పాను. ఆయన నా పెట్టెని అరచేతిలో తిప్పి చూసి తల అడ్డంగా ఊపారు.

"బియ్యానికి గడ్డి ఎవరు పెడతారమ్మా? ఎలకల్ని పిలిచి విస్తరేసినట్టే. వాన నీళ్ళు దిగకుండా తలుపు సందుల్లో గోనె పీలికలు కూరేవాళ్ళం. కర్రతో కొట్టేవాళ్ళం, టక్ టక్‌మని."

నా మొహం చూసి కాబోలు, టీ చెప్పారు. గ్లాసు అందిస్తూ, "మీ తాతగారు ఈ ఊళ్ళోనే చేశారా?" అని అడిగారు.

"ఏలూరులోనూ, ఆకివీడులోనూ కూడానండీ."

"ఆకివీడా! అయితే అక్కడున్న మా వదిన నాగమ్మని అడుగు. కొల్లేటి చేపలు బుట్టల్లో సర్దిన చెయ్యి."

పెంటపాడు మీదుగా గణపవరం, అక్కడ బస్సు మారి ఆకివీడు చేరేసరికి పదకొండున్నర. దారంతా వరిచేలు, తర్వాత చేపల చెరువులు. కిటికీ పక్క సీటు దొరికినా నేనేమీ సరిగ్గా చూడలేదు. అట్ట ఊడకుండా గడ్డి తీసే ఉపాయం ఆలోచిస్తూ కూర్చున్నాను.

నాగమ్మ గారి ఇల్లు స్టేషనుకి దగ్గర్లోనే. అరుగు మీద చింతపండు గింజలు తీస్తోంది. ఈసారి డైరీ తీయలేదు. డబ్బా తెరిచి ఎదురుగా పెట్టాను.

"అమ్మో, మా పెట్టే!" అంది, నేనేం అడక్కుండానే. "గడ్డి కూడా పెట్టేశావే!"

"గడ్డి ఉండేదాండీ?"

"ఉండకపోతే ఎలాగమ్మా? బుట్టలో చేప, మంచుగడ్డ, పైన గడ్డి. మిగిలిన గడ్డంతా తలుపు సందుల్లో కుక్కేసేవాళ్ళం, చల్లదనం పోకుండా. లేకపోతే దిగే ఊరికి చేప పులుసుకైనా పనికిరాదు."

పేతురు మేస్త్రీ గుర్తున్నాడా అని అడిగాను. "మేస్త్రీలు బోలెడుమందమ్మా, అరుపులు తప్ప మొహాలు గుర్తులేవు" అంది.

గూడ్సు అనగానే బియ్యం అనుకోవడం నా తప్పు. మా వైపు వాళ్ళెవరైనా అలాగే అనుకుంటారు. తాతయ్య ఏ సరుకో చెప్పలేదు, నేను అడగలేదు.

"తలుపు మీద చేపలు అని రాసేవారాండీ?" అన్నాను లేచేముందు.

"రాతెందుకే పిచ్చిపిల్లా, వాసన చాలదూ!"

నన్ను భోజనం చెయ్యనిదే కదలనివ్వలేదు. బొమ్మిడాయిల పులుసు. ఈ దారిన వచ్చేవాళ్ళకి నేను చెప్పగలిగింది ఒక్కటే: ఆఫీసుల్లో కాకుండా టీ బడ్డీల దగ్గర అడగండి, అదీ నోటితో.

రెండున్నరకి కైకలూరు, అక్కడి నుంచి ఏలూరు బస్సు. కొల్లేరు మధ్య రోడ్డు మీద గాలి చల్లగా కొట్టింది. చెరువు గట్ల మీద కొంగలు వరసగా నిలబడి ఉన్నాయి. పొద్దున్నుంచీ మొదటిసారి అన్నీ చూశాను. దారిలో ఎవరో దిగుతుంటే బస్సు ఆగింది. డబ్బా తెరిచి, వేలు సీసా నీళ్ళతో తడిపి, తలుపు మీది 'బియ్యం' తుడిచేశాను. నాలుగు రుద్దులకి పోయింది. మిగతా మూడూ ఇంట్లో ఉన్నాయి, పది నిమిషాల పని.

గడ్డి జోలికి పోలేదు.