ఫలజ్ పాడుబడిందని రాయించింది నేనే

అరబ్ దేశంలో ఉద్యోగం మానేయడానికి మూడేళ్ల ముందు, ఒక మే నెలలో, సమాయిల్ దాటాక కొండల్లో ఉన్న ఒక చిన్న ఊరికి రోడ్డు సర్వే కోసం నన్ను పంపారు. నేను సీనియర్ సర్వేయర్‌ని. సహాయకుడు జగిత్యాల వైపు రాజన్న, నాకంటే ఐదేళ్లు పెద్ద. నేను పరికరంలో చూసి చెప్పేది ఫీల్డ్ బుక్‌లో రాయడం అతని డ్యూటీ.

ఆ ఊరి అంగళ్లలో మలయాళం, బలూచీ వినిపించేవి, ఇళ్లలో అరబ్బీ. ఖర్జూర తోటలకు ఆధారం ఫలజ్, అంటే ఎన్నో తరాల కిందట కొండ అడుగు నుంచి తవ్వి తెచ్చుకున్న రాతి కాలువ. దాని పాయలకు వంతుల ప్రకారం నీళ్లు వదులుతారు. ఆ సంగతి నాకు తెలుసు.

మేం వెళ్లిన రోజు కింది పాయలో నీళ్లు లేవు. ఎండ మండిపోతోంది. "పాడుబడింది అని రాయి" అన్నాను.

రాజన్న వంగి కాలువ అడుగు తడిమాడు. "మట్టి ఇంక పచ్చిగనే ఉంది సార్. ఇయ్యాల ఈళ్ల వంతు గాదేమో. నీళ్లు ఇడిసే పెద్దాయన్ని అడిగొస్త, ఇల్లు దగ్గర్నే గద."

"అడిగితే కాఫీ, ఖర్జూరాలంటూ సాయంత్రం దాకా కూర్చోబెడతాడు. నువ్వేమన్నా ఇంజనీరువా రాజన్నా? రాయి."

"పక్కన ప్రశ్న గుర్తన్న పెట్టనా?"

"వద్దు."

మరునాడు శుక్రవారం సెలవు. సిటీలో, అజైబాలో ఉన్న రూమ్‌కి చేరాలన్న తొందర నాది.

మూడు నెలలకు రోడ్డు పని మొదలైంది. మా సర్వేను నమ్మి ఆ పాయను పూడ్చేశారు. తిరిగి తవ్వేలోపు కింది తోటలో చెట్లు కొన్ని ఎండిపోయాయి. నీటి వంతులు చూసే పెద్దాయన సైట్ ఆఫీసుకు వచ్చాడు. "ఆ రోజు మా ఇంటి తలుపు తెరిచే ఉంది, ఎవరూ వచ్చి అడగలేదు" అని ఉర్దూలో అన్నాడు.

ప్రాజెక్ట్ ఇంజనీరు ఫీల్డ్ బుక్ తెరిచి, ఈ రాత ఎవరిదని అడిగాడు. రాజన్నది అన్నాను. రాయించింది నేనని చెప్పలేదు. రాజన్న నా వైపే చూస్తూ నిలబడ్డాడు. నెలలోపే వీసా రద్దు చేసి అతన్ని ఇంటికి పంపేశారు. సొంతూళ్లో అతను కట్టుకుంటున్న ఇంటికి అప్పటికింకా స్లాబ్ పడలేదు.

జరిగినదంతా నిరుడు కంపెనీకి రాసి పంపాను. రాజన్నకూ ఫోన్ చేశాను. "గిప్పుడెందుకు సార్ గా ముచ్చట? అప్పుడొక్క మాట జెప్తే అయిపోతుండె" అన్నాడు.

నీళ్లు కనబడకపోతే ఆ వేళకు లేవని మాత్రమే రాయాలి. పాడుబడిందో లేదో ఊరివాళ్లను అడగాలి. చేతిరాత ఎవరిదైనా, చెప్పి రాయించినవాడే జవాబుదారు. ఇవి ఈ సంఘటన వల్ల కొత్తగా తెలిసినవి కావు. ఉద్యోగంలో చేరిన మొదటి వారంలోనే నాకు నేర్పారు.