నాలీ పక్క లెట్యూస్

భిలాయిలో ఆ సెక్టార్ క్వార్టర్ల వెనక సందు పొడవునా ఒక నాలీ, మురిక్కాలవ, పారుతుంది. వంటిళ్ళ కడుగునీళ్ళు, స్నానాల సబ్బు నురగ, పైపు పగిలినప్పుడల్లా మరుగుదొడ్లవీ అందులోనే కలుస్తాయి. కుళాయి వచ్చేది కాసేపే. అందుకని పెరటి తోటకూరకీ బచ్చలికీ నాలీలో మోటారు దింపి నీళ్ళు తోడుకోవడం అక్కడ పాత అలవాటు. ఎలాగూ ఉడికేదే కదా అని ఎవరూ సిగ్గుపడరు. ఆ నీళ్ళలో బలం ఉందని మురిసేవాళ్ళు కూడా ఉన్నారు.

సూర్యావతి ఆ తోటకూర తినే ముసలిదైంది. సెక్టార్ మహిళా మండలిలో ఆమెకి పేరు లేదు. స్టీల్ ప్లాంటు కోక్ ఓవెన్స్‌లో చేసి రిటైరైన సత్యారావు గారి మిసెస్, అంతే. ఏ కార్యక్రమమైనా పులిహోర కలపడానికి పిలుస్తారు, ఫోటో తీసేటప్పుడు పక్కకి జరగమంటారు. ఈ చలికాలం మండలి పెరటి తోటల పోటీ పెట్టింది. కప్పు మీద గెలిచినవాళ్ళ పేరు చెక్కిస్తారు. ఆ పేరు తనది కావాలని సూర్యావతి లెట్యూస్ వేసింది. చుట్టూ ఉన్న ఆకులు తెంపుకుంటూ పోతే నడుమ నుంచి మళ్ళీ చిగురించే రకం. పచ్చిగా తినే ఆకు కదా అని కుళాయి నీళ్ళు బకెట్లలో దాచి, చెంబుతో మొక్క మొదట్లోనే పోసేది.

మధ్యలో చెల్లెలికి కంటి ఆపరేషనని విజయనగరం వెళ్ళింది. తిరిగొచ్చేసరికి ఆకులు విస్తరాకుల్లా పరుచుకున్నాయి. తన చేతి చలవే అనుకుంది.

పోటీ రోజు పొద్దున ఆకులు తుడుస్తూ ఒకటి తిప్పి చూసింది. అడుగున ఎండిన అన్నం మెతుకు, నల్లటి జిగురు, దానికంటుకున్న పొడవాటి తెల్ల వెంట్రుక. మడి పక్కనే పైపు ఉంది. దాని రెండో కొస నాలీలో ఉంది.

"ఏటండీ ఇది?"

"ఏటే, నీళ్ళే గదా. కుళాయి కాడ బకెట్లు మొయ్యమంటావేటి నన్ను?" అన్నాడు సత్యారావు, పళ్ళు తోముకుంటూ.

"ఇది పచ్చిది తింటారండీ! ఉడకెట్టరు!"

"ఇన్నేళ్ళు తోటకూరకి ఇయ్యే ఎట్టేం. ఎవుడు సచ్చిపోనాడు? కడిగి ఎట్టు, ఊరుకో."

కప్పు కావాలంటే ఊరుకోవాలి. సూర్యావతి ఆకుల అడుగులు కడిగి, తుడిచి పెట్టింది కూడా. మండలి ప్రెసిడెంటు ఛాయా మేడమ్ ఆడవాళ్ళతో కలిసి తోటలు చూడ్డానికి వచ్చి, "అరే వాహ్, దీదీ! ఏక్‌దమ్ క్రిస్ప్!" అంటూ ఓ ఆకు తెంపి నోటి దాకా తెచ్చుకుంది.

"మత్ ఖాయియే మేడమ్," అంటూ తినకుండా ఆపింది సూర్యావతి. "నాలీ కా పానీ హై."

ఆకు మడిలో పడింది. మేడమ్ చేతిరుమాలుతో వేళ్ళు ఒక్కొక్కటే తుడుచుకుంది. వెనకున్న ఆడవాళ్ళు ముక్కులు మూసుకున్నారు. వాళ్ళలో సగంమంది పెరళ్ళలో ఇవే పైపులు.

అందరూ పక్క క్వార్టర్‌కి నడిచారు. ఆ ఇంటి లక్ష్మీకుమారి కొత్తిమీర కోసి ఇచ్చింది. మేడమ్ నమిలి తలూపింది. అదీ నాలీ నీళ్ళదేనని గోడ ఇవతల నుంచి సూర్యావతి అరిచింది: "మేడమ్, వో భీ నాలీ కా హై! మోటార్ దేఖియే!"

"తనకి రాదని తెలిసిపోనాది, ఇప్పుడు అందరిదీ పాడుసేస్తాది. ఎంత కుళ్ళు తల్లీ!" అంది లక్ష్మీకుమారి. ఆడవాళ్ళు నవ్వారు. మోటారు వైపు ఒక్కరూ చూడలేదు. కప్పు లక్ష్మీకుమారికిచ్చారు.

సూర్యావతి లెట్యూస్ మొక్కలన్నీ వేళ్ళతో సహా పీకి చెత్తబండిలో వేసింది. సబ్బుతో చేతులు కడుక్కుంది, వాసన చూసుకుంది, మళ్ళీ కడుక్కుంది.

సాయంత్రం లక్ష్మీకుమారి గిన్నెతో వచ్చింది. "మనసులో ఎట్టుకోకు వదినా. కప్పొచ్చింది గదా, కొత్తిమీర పచ్చడి సేసేను. పచ్చిదే నూరేను, కమ్మగుంటాది."

సూర్యావతి గిన్నె అందుకోలేదు. సత్యారావు అందుకున్నాడు. అన్నంలో కలుపుకుని, వేళ్ళు నాకుతూ అన్నాడు:

"సూడు, ఎంత బాగుందో. నువ్వూ నోరు మూసుకుంటే కప్పు మనింట్లో ఉండును."

సూర్యావతి ఆ రాత్రి మొగుడి కంచం కడగలేదు.