ఇమామ్ పెట్టిన గాటు పరీక్ష

ఆళ్లగడ్డలో ఇమామ్ కారం మిషన్ ఎక్కడని ఎవర్నీ అడగక్కర్లేదు, ముక్కే చెప్తుంది. మిరపకాయలు పట్టించడానికి వచ్చిన ఆడవాళ్లు డబ్బా ఆయన చేతికిచ్చి రోడ్డు దాటిపోతారు. అవతలి అరుగు మీద కొంగు అడ్డం పెట్టుకుని తుమ్ముతూ కూర్చుంటారు. ఇమామ్ మాత్రం మూతికి గుడ్డ కూడా కట్టడు. పట్టిన కారం చిటికెడు అరచేతిలో వేసుకుని, వాసన చూసి, నాలుకకు రాసుకుని, "ఊఁ, గాటుండాది" అని తీర్పు చెప్తాడు. ఆపైన అదే చేత్తో కళ్లు నులుముకుంటాడు. చూసేవాళ్లకు కళ్లలో నీళ్లు తిరుగుతాయి గానీ ఆయనకేం కాదు. ఆ గొప్ప వినీ వినీ భార్య ఫాతిమాకు విసుగొచ్చింది.

ఇంతటి ధైర్యవంతుడికి భయమంతా కూతురు సానియా గురించే. ఆ పిల్లకు నంద్యాలలో ఓ కంటి ఆసుపత్రిలో చూపు పరీక్ష చేసే ఉద్యోగం వచ్చింది. చదివించిందీ ఆయనే, మిషన్ దగ్గరికొచ్చిన వాళ్లందరికీ చెప్పుకుని మురిసిందీ ఆయనే. తీరా పిల్ల రోజూ బస్సెక్కి పోతుంటే, తిరిగొచ్చేదాకా ప్రాణం కుదుటపడదు.

"యాడుండావు?" అని ఫోను.

"ఆసుపత్రిలో నాయనా."

కాసేపాగి మళ్లీ, "ఇప్పుడు యాడుండావు?"

చివరికి ఓ రోజు తేల్చి చెప్పేశాడు. "దోవలో ఎవడన్నా ఒక్క మాటన్నాడని తెలిసిందంటే, ఆ పొద్దే మాన్పిస్తా." సానియా తలూపి లోపలికి పోయింది.

ఆ తర్వాత ఎవరో చెబితే పెప్పర్ స్ప్రే తెప్పించాడు. చూస్తే వేలెడంత సీసా. ఇందులో ఏం గాటుంటుందని ఆయనకు అనుమానం. అన్నిట్లో కల్తీ చేసే రోజులు కదా, అవసరమైనప్పుడు ఇది తుస్సుమంటే పిల్ల గతేంటి? అందుకని కూతురికిచ్చే ముందు పరీక్ష చేయాలనుకున్నాడు. అనుకోవడంలో తప్పేం లేదు. దూరంగా గోడ మీద కొట్టి చూసినా సరిపోయేది. కానీ ఇమామ్‌కు తెలిసిన పరీక్ష ఒక్కటే. అరచేతిలో కొట్టుకున్నాడు. వాసన చూశాడు. ముక్కులో నిప్పు పడ్డట్టయింది. ఒళ్లు తెలియని ఆ మంటలో, అలవాటు చొప్పున, అదే చేత్తో కళ్లు నులుముకున్నాడు.

ఆ అరుపుకు అవతలి అరుగు మీది ఆడవాళ్లు తుమ్ములు మాని లేచి నిలబడ్డారు. మిషన్ వెనకే ఉన్న ఇంట్లోంచి బస్సుకు బయల్దేరుతున్న సానియా పరుగెత్తుకొచ్చి ఆయన ముఖాన్ని కుళాయి కింద పెట్టించింది. "నులమొద్దు నాయనా, రెప్పలాడించు" అంటూ చాలాసేపు నీళ్లు పోసింది. వెనకే వచ్చిన ఫాతిమాకు ఏడుపూ వచ్చింది, నవ్వూ వచ్చింది.

"గాటుండాదా?" అని అడిగింది.

ఇమామ్ మళ్లీ కుళాయి కిందికి తల దూర్చాడు. కళ్లు తెరుచుకోకపోవడంతో సానియా ఆయన్ను వెంటబెట్టుకుని నంద్యాల బస్సెక్కింది. కూతుర్ని కాపాడాలనుకున్న మనిషి, కూతురి మణికట్టు పట్టుకుని మెట్లు వెతుక్కున్నాడు.

బస్సులో ఎవడో వాళ్ల సీటు మీదికి ఒరుగుతున్నట్టున్నాడు. "అన్నా, ఆ పక్క చోటుండాది, అట్ల జరుగు" అంది సానియా. గొంతు పెంచలేదు. అతను జరిగాడు. ఇమామ్‌కు ఆశ్చర్యమేసింది. ఇంట్లో చారులో ఉప్పు తక్కువైనా నోరు విప్పని పిల్ల!

నంద్యాలలో బస్సు దిగి ఆసుపత్రి సందులోకి మళ్లారు. వెనకనుంచి ఓ బండి వచ్చి పక్కనే నెమ్మదించింది. ఈల వినబడింది. ఇమామ్ రక్తం ఉడికిపోయింది. జేబులో వేసుకొచ్చిన సీసా కోసం తడుముకున్నాడు. దొరికింది గానీ, ఎటు కొట్టాలి? సీసా మూతి ఎటుందో కూడా తెలియడం లేదు. కళ్లున్నన్నాళ్లూ లేని భయం అప్పుడేసింది.

సానియా ఆగింది. "ఏమప్పా, రోజూ ఈడనే తిరుగుతాండావు, కండ్లు మసకేసినాయా? ఆసుపత్రి ఇదే. రా లోపలికి, పరీక్ష చేస్తా."

సందు మొదట్లో పూలమ్మే ఉమామహేశ్వరమ్మ పకపకా నవ్వింది. "పోప్పా, పో. ఆ యమ్మ సూది గూడా గుచ్చుతాది!" బండి రయ్యిన పారిపోయిన చప్పుడు.

నాలుగడుగులు వేశాక ఇమామ్ అడిగాడు. "రోజూ అంటివే. నాకెప్పుడూ చెప్పలేదే?"

"చెప్తే మాన్పిస్తావు గదా నాయనా."

ఆ మాట కళ్ల మంటకంటే ఎక్కువ మండింది. బిడ్డ ఇన్నాళ్లూ సందులో పోకిరీతో ఒక్కతే తలపడి, ఇంటికొచ్చి తనకు భయపడి నోరు మూసుకుంది. ఆ సంగతి తెలిసేసరికి ఆయనకు నిజంగా సిగ్గేసింది.

డాక్టరు కళ్లు కడిగి చుక్కలు వేశాడు. కాసేపటికి ఒక కన్ను కొంచెం తెరుచుకుంది. ఎదురుగా తెల్లకోటు వేసుకుని కూతురు నిలబడి ఉంది. ఇమామ్ జేబులోంచి సీసా తీసి ఇచ్చాడు.

"ఇది చేతికందేటట్టు పెట్టుకో. బాగా పనిచేస్తాది, నేను జూసినా. ఇంగ ఎవడేమన్నా ఇంటికొచ్చి నాకు చెప్పు. మాన్పించను."

"ఒట్టా?"

"ఒట్టు" అంటూ ఆమె తల మీద చెయ్యి పెట్టబోయాడు. సానియా చటుక్కున వెనక్కి జరిగింది.

"ముందు ఆ చెయ్యి సబ్బుతో కడుక్కో నాయనా!"

ఇమామ్ గోడ పట్టుకుని కుళాయి దాకా వెళ్లాడు. సబ్బు అరిగిపోయేలా తోమి తోమి కడుక్కున్నాడు. వాసన చూసుకుని, మళ్లీ కడుక్కున్నాడు. తిరిగొచ్చేసరికి సానియా అక్కడే, ఒట్టు కోసం తల వంచుకుని నిలబడి ఉంది.