రాతి నల్లాలో ఎర్ర నీళ్లు

ముప్పై ఏళ్లు మోసిన మాట ఇది. మొన్న ఒకరికి చెప్పాను. ఒకసారి చెబితే చాలలేదు, అందుకే మీకూ చెబుతున్నాను.

మా పార్కులో నిజాంల కాలపు రాతి నల్లా ఉండేది. మోటారు లేదు, ట్యాంకు లేదు, అయినా పగలంతా సన్నటి ధార. ఆ నీళ్లు ఎక్కణ్ణుంచి వస్తాయి? ఉప్పుగూడ స్టేషనుకు పోయేవాళ్లు తాగి, మూతి తుడుచుకుని వెళ్లిపోయేవారు. నాకొక్కడికే ఈ దురద. మిట్ట మీద మా గుడి వెనక వాడుక తప్పిన బావి నుంచేనని నా అనుమానం. పూజారికి ఇంజనీరు బుద్ధులెందుకురా అని నాన్న వేళాకోళం చేసేవాడు.

నాకప్పుడు ఇరవై రెండేళ్లు. అర్చన చేసిన కుంకుమను ఎవరూ తొక్కని చోట, చెట్టు మొదట్లోనో నీళ్లలోనో వేయాలి. ఒక శుక్రవారం గంపెడు కుంకుమనూ ఆ బావిలో కుమ్మరించి, పార్కుకు పరుగెత్తాను. అమ్మవారి కుంకుమే కదా, ఎవరికేం హాని అనుకున్నాను. గంట దాటాక ధార ఎర్రబడింది. అంత సంతోషం నాకు మళ్లీ ఎన్నడూ కలగలేదు. అది చెప్పడానికే ఎక్కువ సిగ్గుగా ఉంది.

నీళ్లు పట్టుకుంటున్న ఒకావిడ చెంబు పారేసి కేక పెట్టింది. జనం మూగారు. పార్కు తోటమాలి ఖాసిం భాయ్ మొక్కలకు కొట్టే మందు కలిసిందన్నారు. ఆయన మొత్తుకున్నా ఎవరూ వినలేదు. చివరికి నా వైపు తిరిగాడు.

“పంతులూ, గంట సంది ఈడనే కూసున్నవ్ గదా. నేను మందు డబ్బా ముట్టిన్నా? జర చెప్పు.”

“నేను చూడలే భాయ్,” అన్నాను.

ఎందుకలా అన్నాను? జనానికి భయపడా? గుడి పేరు చెడుతుందనా? లేక, నా ప్రశ్నకు జవాబు దొరికింది కాబట్టి మిగతా లొల్లి నాది కాదనుకున్నానా? వారంలో ఆయన పని పోయింది. నల్లా నోరు సిమెంటుతో మూసేశారు. ఆయన జల్‌పల్లికి వెళ్లిపోయాడని విన్నాను. ఎన్నిసార్లో అటు బస్సెక్కి, సగం దారిలో దిగిపోయాను.

ఇప్పుడు నల్లాను బాగుచేస్తున్నారు. నీళ్లు ఎక్కణ్ణుంచి వచ్చేవో మీకేమైనా తెలుసా అని మొన్న ఒక ఇంజనీరమ్మాయి గుడికి వచ్చి అడిగింది. బావి చూపించాను. ఎలా తెలుసంది. ఏదీ దాచకుండా చెప్పేశాను. ఆమె అంతా రాసుకుంది. నాకు ఒళ్లు తేలికైంది. తేలికపడే హక్కు ఉందో లేదో తెలియదు.

మాలి తప్పేమీ లేదని కూడా రాసుకోమన్నాను. ఆయన పూర్తి పేరు అడిగింది. నాకు తెలియదు. ఆ నీళ్ల పుట్టుక కోసం అంత తపించినవాణ్ణి, రోజూ కనిపించిన మనిషిని పూర్తి పేరు కూడా అడగలేదు.