ఆట ఆపి పెండ్లి చేసిన మా ఊరి హాలు

మా చిన్నప్పుడు... ఆదివారం పొద్దుటాటకు కమ్యూనిటీ హాలంతా కిటకిటలాడేది. తొంభైల నాటి మాట. కనగానపల్లి దగ్గర మా ఊళ్ళో పెండ్లిళ్ళకని కట్టిన హాలు అది. ఖాదర్ మామ దాన్ని పంచాయతీ నుంచి బాడుగకు తీసుకుని, గోడకు తెల్లగుడ్డ కట్టి, ధర్మవరం నుంచి పాత మెషీన్ తెచ్చి సినిమాలు ఆడించేవాడు.

"పెండ్లిళ్ళ హాలును సినిమాల పాలు చేసినాడు" అని పెద్దవాళ్ళు సణిగేవాళ్ళు... సణుగుతూనే అందరికంటే ముందొచ్చి కూర్చునేవాళ్ళు!

ఒక ఆదివారం నేనూ మా అవ్వా సినిమా చూస్తున్నాం. బయట జోరువాన. మా సీమలో వాన పడితే పండగే... కానీ ఆ రోజే గొర్రెలు కాసే ఓబులేసు కూతురి పెండ్లి. హాలు ఖాళీ లేదు కదా అని, నలుగురు చుట్టాలను పిలుచుకుని ఇంటి ముందే పందిరి వేశాడు పాపం.

ఓబులేసు తడిసి ముద్దయి పరుగెత్తుకొచ్చాడు. "ఖాదరన్నా, పందిరి కూలిపాయ. ఇంట్లో పట్టుమని పదిమంది పట్టరు. ఇంకో గంటలో ముహూర్తం. యాడ చేసేదన్నా?"

ఖాదర్ మామ మెషీన్ ఆపేశాడు. లైట్లు వేసి తెర ముందు నిలబడ్డాడు.

"ఈడ ఇప్పుడే పెండ్లి జరగల్ల. సినిమా రేపు మొదట్నుంచీ ఏస్తా. అందరూ రాండి, టికెట్ వద్దు."

"ఏమప్పా, ఫైటింగ్ కాడ ఆపితే ఎట్ల?" అన్నాడు వెనక నుంచి ఒకాయన.

మా అవ్వ లేచింది. "ఫైటింగ్ రేపు చూద్దువులే. ముందు ఆ బెంచీ పట్టుకో!"

హాలంతా ఒకటే నవ్వు... అంతే, మగవాళ్ళు బెంచీలు గోడవారకు జరిపారు. ఆడవాళ్ళు నేల ఊడ్చి ముగ్గేశారు. కొందరు వానలోనే పోయి అన్నం గుండిగలు మోసుకొచ్చారు. కరెంటు పోతే ఖాదర్ మామ జనరేటర్ వేశాడు. తెర ముందు పీటల మీద, ఇంకా ఆరని జడతో పెండ్లికూతురు... తాళి కట్టే వేళకు సినిమాకొచ్చిన వాళ్ళందరి చేతుల్లోనూ అక్షింతలు!

ఓబులేసు వచ్చి ఖాదర్ మామ చేతులు పట్టుకుని ఏడ్చేశాడు. "ఏడ్చొద్దబ్బా, పోయి అల్లునికి వడ్డించు" అంటూ మామ కూడా కళ్ళు తుడుచుకున్నాడు.

మరునాడు మాట ప్రకారం సినిమా వేశాడు. కొత్త జంటను ముందు బెంచీలో కూర్చోబెట్టాం. ఆ తర్వాత ఖాదర్ మామను చూసి సణిగినవాళ్ళు లేరు.

ఇంటింటికీ టీవీలొచ్చాక ఆటలు ఆగిపోయాయి. మామ కూడా లేడిప్పుడు. పెండ్లిళ్ళన్నీ ధర్మవరం ఫంక్షన్ హాళ్ళలోనే... పత్రిక ఇస్తే పోతాం, భోంచేసి వచ్చేస్తాం. ఆ రోజు ఎవరూ పిలవకుండానే హాలు నిండా చుట్టాలమయ్యాం.

మీ ఊళ్ళోనూ ఇలాంటి హాలు, ఇలాంటి మామ ఉండే ఉంటారు... ఆయన పేరేంటో కింద రాయండి, చదువుకుంటాం.