గుర్రమెక్కిన దాదీ

ఆఫ్రికా నుంచి నలుదిక్కులకూ చెదిరిపోయిన జనంలో ఆడవాళ్ళ బతుకుల మీద ఎం.ఏ. థీసిస్ రాస్తానని మా మనవరాలు అన్నప్పుడు, ఇంట్లో అందరికంటే ముందు వెనకేసుకొచ్చింది నేనే. అల్లుడు వద్దంటే బల్ల గుద్ది ఒప్పించానని చాలామందికి చెప్పాను. అల్లుడు ఏమీ అనలేదు. నేను బల్లా గుద్దలేదు. "దీనికి ఉద్యోగం వస్తుందా తల్లీ?" అని మొదట అడిగిన నోరు కూడా నాదే.

అయితే ఆ పుస్తకాలు మాత్రం నిజంగానే విన్నాను. సాయంత్రాలు అల్వాల్‌లో మా ఇంటి వరండాలో కూర్చుని, అది ఇంగ్లీషులో చదువుకుంటూ నాకు తెలుగులో చెప్పేది. బానిసలుగా ఓడల్లో కుక్కి తరలించిన జనం మునిమనవరాళ్ళు, చెరుకు తోటల్లో పురుడు పోసుకున్నవాళ్ళు, ఎవరి ఇళ్ళో తుడిచి తమ పిల్లల్ని చదివించుకున్నవాళ్ళు. వింటూ వింటూ నేను కాఫీ చల్లార్చుకునేవాణ్ణి.

ఒకరోజు అంది: "మా మేడం ఏమంటోందంటే తాతా, సముద్రం అవతలి వాళ్ళ గురించి అందరూ రాస్తారు, మన ఊళ్ళోవాళ్ళ సంగతేంటి అని. ఇక్కడి ఆఫ్రికా సంతతివాళ్ళు, సిద్దీ ఆడవాళ్ళు ఎవరైనా మాట్లాడితే ఒక చాప్టర్ అవుతుంది."

"ఎవరైనా ఏంటే? నాకు సొంత అక్కలాంటి మనిషే ఉంది!"

సొంత అక్క అన్నది కాస్త ఎక్కువైంది. రైల్వే ఆఫీసులో ఆవిడ టైపిస్టు, నేను గుమాస్తా. అందరం ఆపా, అంటే అక్కా, అనేవాళ్ళం. నిజాం గుర్రపు దళంలో పనిచేసిన ఆఫ్రికా సిపాయిల్లో వాళ్ళ తాత ఒకడు. నాకు తెలిసింది అంతే.

ఇక్కడ మా క్రైస్తవుల అలవాటొకటి చెప్పాలి. ఇళ్ళల్లో ప్రార్థన కూడికలు జరిగినప్పుడు ఒక్కొక్కరూ లేచి సాక్ష్యం చెబుతారు, దేవుడు తమకు చేసిన మేలు గురించి. చెప్పినకొద్దీ సాక్ష్యం ఏపుగా పెరుగుతుంది. నాకు వచ్చిన మామూలు జ్వరం మరుసటి ఏటికి టైఫాయిడ్ అయింది. ఆ పై ఏటికి డాక్టర్లు చేతులెత్తేశారు. వింటున్నవాళ్ళు "స్తోత్రం!" అన్నకొద్దీ నా రోగం ముదిరేది. దాన్ని ఎవరూ అబద్ధమనరు. మహిమ దేవుడికే కదా.

మనవరాలు ఫోను ఎదురుగా పెట్టి "చెప్పు తాతా" అనేసరికి నాకు అదీ కూడికలాగే తోచింది. ఆపా వాళ్ళ దాదీ, అంటే నాయనమ్మ, కూడా గుర్రమెక్కేదన్నాను. పిల్ల కళ్ళు పెద్దవయ్యాయి. అంతే, స్తోత్రం అన్నట్టే. ఒకసారి మొగుడు మంచాన పడితే అతని తలపాగా తను చుట్టుకుని కవాతులో స్వారీ చేసిందనీ, ఎవ్వరూ పోల్చుకోలేదనీ చెప్పాను.

అది చాప్టర్ రాసేసింది. మేడం చదివి, థీసిస్ మొత్తానికి ఇదే గుండెకాయ అందట. అప్పుడు చెప్పింది మా పిల్ల, వాళ్ళ చదువులో ఒక పద్ధతి ఉందని. ఎవరి ఇంటి సంగతి రాశామో వాళ్ళకే చదివి వినిపించాలట. వాళ్ళు సరేనంటేనే పైకి పంపాలట. "వచ్చే వారమే సబ్మిషన్. పద తాతా, మెట్టుగూడలో ఆంటీ వాళ్ళింటికి వెళ్దాం."

మోకాళ్ళ నొప్పులన్నాను. ఎండన్నాను. దారిలో ఆటో ఆపించి మోండా మార్కెట్‌లో బత్తాయిలు బేరమాడుతూ వీలైనంత పొద్దు గడిపాను. అక్కడైనా నిజం చెప్పేయాల్సింది. బత్తాయిలు మాత్రం మంచివి దొరికాయి.

ఆపా తలుపు తీస్తూనే, "ఏం బాబూ, ఇంకా ఉన్నవా? నేనే ముందు పోతనేమో, నీకు పందెం గెలిచిన ఖుషీ దొరుకుతదని పరేషాన్ల ఉన్న," అంది. ఆఫీసులో ఉన్నప్పటి నాలుకే.

పిల్ల లాప్‌టాప్ తెరిచి చదవడం మొదలుపెట్టింది. ఆపా చెంపకు చెయ్యి ఆనించుకుని వింది. తలపాగా దగ్గరికి వచ్చేసరికి నేను ఫ్యాను వైపు చూడసాగాను.

"జెర ఆగు బిడ్డా. ఇది మా దాదీయేనా?"

"అవును ఆంటీ. తాత చెప్పాడు."

ఆపా నా వైపు తిరిగింది. సాయంత్రం ఇంటికి బయల్దేరే వేళకు అర్జంటంటూ నేను కాగితాలు తెస్తే ఇలాగే చూసేది.

"నేను కల్పించిందే ఆపా," అన్నాను. "మీ తాతగారి సంగతొక్కటే నిజం. మిగతాదంతా నా నోటి దూల."

పిల్ల నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. "మేడం దీన్ని బట్టే ఓకే చేసింది తాతా. ఇప్పుడు తీసేయాలి," అని మాత్రం అంది, లాప్‌టాప్ వైపే చూస్తూ.

ఆపా పకపకా నవ్వింది. నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. "ఎందుకు తీసుడు? ఉండనీ. మంచిగుంది. దాదీ ఏం చేసిందో నాకు సుత తెల్వదు, ఎవ్వరూ చెప్పలే. మా దాదా గుర్రం పేరు ఇంట్ల పోరగాళ్ళకు సుత తెల్సు. దాదీ పేరు అడుగు, ఒక్కళ్ళకు తెల్వదు. దాదీ, దాదీ అనుడే. ఆ ఖాళీ జాగల ఈ బాబు ఒక గుర్రాన్ని కట్టేసిండు. కట్టేసి ఉండనీ."

ఆవిడే సరేనంటోంది. చాప్టర్ గట్టెక్కినట్టే. గుట్టు తెలిసింది ఆ గదిలో ఉన్న ముగ్గురికే. పిల్ల ఆలోచిస్తోంది. ఊఁ అనకపోతే బాగుండునని ప్రార్థన చేసుకున్నానని రాయాలని ఉంది. నిజం చెబితే, ఊఁ అంటే బాగుండుననే అనుకున్నాను. నా గుర్రం యూనివర్సిటీ లైబ్రరీలోకి ఎక్కేది.

అది లాప్‌టాప్ మూసేసింది. "ఆంటీ, ఆమె పేరు వద్దు, ఏం చేసిందో వద్దు. మీ చిన్నప్పుడు ఆమె దగ్గర కూర్చుంటే ఏం జరిగేది?"

"ఏం జరుగుతది? జుట్టు పట్టి గుంజేది!" ఆపా చెయ్యి దానంతటదే నెత్తి మీదికి పోయింది. "మాది దువ్వెనకు లొంగే జుట్టా? నన్ను కింద కూసోబెట్టి, మోకాళ్ళ నడుమ నొక్కిపట్టి సన్న జడలు ఏసేది. నేను ఒకటే ఏడ్చుడు. జడలు అయినంక మెడ మీద ఉఫ్ అని ఊదేది. మంట తగ్గుతదని."

మనవరాలు కుర్చీలోంచి దిగి ఆవిడ కాళ్ళ దగ్గర చాప మీద కూర్చుంది. "సముద్రం అవతలి ఆడవాళ్ళు కూడా ఇదే రాసుకున్నారు ఆంటీ. మెట్ల మీద, నాయనమ్మ మోకాళ్ళ మధ్య."

"ఆఁ? వాళ్ళు సుత ఏడ్చేటోళ్ళా?"

"ఏడ్చేవాళ్ళంట."

ఆపా మెడ వెనక తడుముకుంది. "ఊదేటోళ్ళా?"

"అది నేనెక్కడా చదవలేదు."

"గట్లయితే రాస్కో. అది మా దాదీదే." లాప్‌టాప్ వైపు వేలు చూపించింది. "గుర్రాన్ని తీసెయ్. మా దాదా గుర్రం పేరు సుత రాయకు. ఇన్నేండ్లు ఇంట్ల అదే ఏలింది. ఇగ బాబూ, నువ్వు బయట కూసో. నువ్వుంటే మాటలు పెరుగుతయ్."

గేటు పక్క అరుగు మీద కూర్చున్నాను. ఆ వారం గడువు తప్పిపోయింది. తర్వాత మేడం ఇంకొన్నాళ్ళు ఇచ్చింది కానీ, గుర్రం పోయినందుకు చాలా నొచ్చుకుందట. చాప్టర్ సన్నబడిపోయింది. అయినా పైకి వెళ్ళింది.

ఆ మధ్యాహ్నం మాత్రం లోపలినుంచి ఒకసారి నవ్వులు, ఆ తర్వాత చాలాసేపు ఆపా గొంతు ఒక్కటే వినబడ్డాయి. ఏం మాట్లాడుకున్నారో అంతా విన్నానని ఇక్కడ రాద్దామనుకున్నాను. ఒక్క ముక్క అర్థం కాలేదు. బత్తాయి ఒలుచుకు తింటూ కూర్చున్నాను.