సర్టిఫికెట్ చెల్లదు

మావారు పోయింది ధనిష్ఠా నక్షత్రంలో. ఇల్లు ఆరు నెలలు మూసేయాలన్నారు పురోహితులు. వన్ టౌన్‌లోని మా వాటాకు తాళం వేసి, అత్తయ్యా నేనూ కంకిపాడులో మరిది ఇంటికి వెళ్ళాం. ఇలాంటివాటిమీద నాకు నమ్మకం లేదు. కాదని వాదించే ఓపిక కూడా అప్పుడు లేదు.

వెళ్ళాక తెలిసింది, ఆయన ఫోటో సరైనది ఒక్కటీ లేదని. కెమెరా ఎప్పుడూ ఆయన చేతిలోనే ఉండేది. పెళ్ళి ఫోటోల్లో ఉన్నది మీసం సరిగా రాని కుర్రాడు. పెద్దకర్మకి ఓటరు కార్డు ఫోటోనే పెద్దది చేయించారు. "ఎవరిదర్రా ఇది?" అన్నారు అత్తయ్య.

మంగినపూడి బీచ్‌లో ఆఫీసు స్నేహితుడు తీసిన ఫోటో ఒకటి ఆయన మెయిల్‌కి వచ్చింది. నాకు చూపించారు కూడా. తీసినాయన కంప్యూటర్ పాడై, అక్కడ పోయింది. ఇక ఉంటే ఆ మెయిల్లోనే ఉండాలి. దాని పాస్‌వర్డ్ నాకు తెలియదు. అది మా కంప్యూటర్లో దాచి ఉంది, కంప్యూటర్ మూసిన ఇంట్లో ఉంది. ఆరు నెలలు తెరవకపోతే ఆ సైటువాళ్ళు మెయిళ్ళన్నీ చెరిపేస్తారని మరిది ఎక్కడో చదివి చెప్పాడు. ఆ తర్వాత నాకు సరిగా నిద్రపట్టలేదు.

ఇల్లు తెరిచిన రోజు శాంతి, పుణ్యాహవచనం అయ్యేదాకా ఆగి, కంప్యూటర్ మీది దుమ్ము తుడిచి ఆన్ చేశాను. నెట్ కలిసింది. పేపర్ సైటు వచ్చింది. మెయిల్ మాత్రం రాలేదు. మళ్ళీ నొక్కాను. రాలేదు.

బ్రాడ్‌బ్యాండ్ ఆఫీసుకి ఫోన్ చేశాను.

"మోడెం ఆపి మళ్ళీ వేయండి మేడం. లైట్లు వెలుగుతున్నాయా?"

"అన్నీ వెలుగుతున్నాయండి."

"వేరే సైట్లు వస్తున్నాయా?"

"వస్తున్నాయండి. ఇదొక్కటే."

"అయితే మా వైపు ఏం లేదు మేడం."

అత్తయ్య నా వెనక కుర్చీ వేసుకుని కూర్చున్నారు. నెట్ ఉందని చూపించడానికి పేపర్ సైటు మళ్ళీ తెరిచాను. నిండా సినిమా బొమ్మలు.

"ఊళ్ళోవాళ్ళ మొహాలన్నీ వస్తాయి, మావాడి మొహమొక్కటే రాదా దీనికి?" అన్నారు.

మెయిల్ పేజీ బదులు వచ్చిన ఇంగ్లీషు ముక్కల్ని అప్పుడు చదివాను. సర్టిఫికెట్ చెల్లదు అని ఉంది. ఆ ఆరు నెలల్లో సర్టిఫికెట్ అంటే నాకు ఒక్కటే అర్థం, ఆయన డెత్ సర్టిఫికెట్. దాని నకళ్ళు పట్టుకుని ఎన్ని ఆఫీసులు తిరిగానో. ఆయన పోయిన సంగతి వీళ్ళకి తెలిసిపోయిందనుకున్నాను. చెరిపేశారనే అనుకున్నాను.

"ఏమంటుంది?" అన్నారు అత్తయ్య.

"సర్టిఫికెట్ చెల్లదంటోందండీ."

"మున్సిపాలిటీవాళ్ళు స్టాంపేసి ఇచ్చిందేగా? ఎందుకు చెల్లదు?"

మళ్ళీ నొక్కాను, అదే వచ్చింది. ఈలోగా ఆవిడ, "టైమెంతయింది? మందేసుకోవాలి" అన్నారు. తెర మూల చూసి, తెల్లవారుజామున మూడు అని చదివాను. బయట ఎండ మండిపోతోంది.

గడియారం తెరిస్తే తేదీ 2002 జనవరి అని ఉంది. ఆరు నెలలు కరెంటు లేక లోపలి చిన్న బ్యాటరీ చచ్చిపోయిందని తర్వాత తెలిసింది. మళ్ళీ ఆ ముక్కలు చదివాను. చివర్న ఒక తేదీ, అప్పటిదాకా సర్టిఫికెట్ చెల్లదని. మనకి ఎప్పుడో దాటిపోయిన తేదీ అది. కంప్యూటర్‌కి ఇంకా రాలేదు. సర్టిఫికెట్ ఆయనది కాదు, సైటుది, అది అసలు సైటేనని చూపేది. పేపర్ సైటుకి అలాంటిది లేదు.

సంవత్సరం పక్కనున్న బాణం నొక్కుతూ వెళ్ళాను. ఆయన పోయిన ఏడాది వచ్చింది. మరొక్కసారి నొక్కాను.

ఈసారి పేజీ వచ్చింది. పాస్‌వర్డ్ గడిలో చుక్కలు వాటంతటవే నిండాయి. లోపలికి వెళ్తే అన్నీ ప్రకటనల మెయిళ్ళే. కిందికి జరుపుతూ పోయాను.

"ఉందా అమ్మాయ్?"

"ఉందండీ."

ఫోటో పైనుంచి కొంచెం కొంచెంగా దిగింది. ఆకాశం, జుట్టు, నవ్వు, నీలం గళ్ళ చొక్కా. అత్తయ్య కుర్చీ ముందుకి జరుపుకున్నారు. చాలాసేపు చూశారు.

"ఆ చొక్కా ఎవరికిచ్చేశాం?" అన్నారు.

నాకు గుర్తులేదు.